మంచం కింద చాప

మడమ చర్మానికి శరీరంలో మరెక్కడా జంట లేదు. అంత మందంగా, అంత ఓపికగా బరువు మోసేది ఇంకొకటి దొరకదు. అందువల్ల మడమ పోయినవారి కోసం వైద్యులు పిక్కను అడుగుతారు. పిక్క వెనుకనుంచి ఆకు ఆకారంలో చర్మాన్నీ దాని కింది కొవ్వునూ లేవదీసి, చీలమండ దగ్గర సన్నని తొడిమ మాత్రం తెగకుండా ఉంచి, ఆ ఆకును తలకిందులుగా తిప్పి మడమ మీద పరచి కుట్టేస్తారు. కొత్త చోట వేళ్ళూనేదాకా ఆకు ఆ తొడిమ గుండానే నెత్తురు తాగుతుంది. తొడిమ నలిగితే ఆకు చచ్చిపోతుంది. చెప్పడానికి ఇంతే.

నాలుబాలే సరస్సుకు ఎగువన, కొండవాలు మీది మా ఆసుపత్రిలో ఈ అతుకులు వేసేది డాక్టర్ బిరుంగి. తను వేసినవాటిలో ఏవి బతుకుతున్నాయి, ఏవి చస్తున్నాయి, ఎందుకు అన్నది ఆమె చేపట్టిన పరిశోధన. మొదటి ఏడు గడిచేసరికి ఒక విచిత్రం తేలింది. మగవాళ్ళ మడమలు బతికాయి. పిల్లలవి బతికాయి. పెళ్ళికాని ఆడవాళ్ళవీ, వితంతువులవీ బతికాయి. భర్తతో కాపురం చేస్తున్న ఆడవాళ్ళ అతుకులు మాత్రం ఆసుపత్రి గడప దాటేనాడు వెచ్చగా, మెత్తగా ఉండి, తిరిగి చూపించుకోవడానికి వచ్చేనాటికి చల్లబడి, ఎండిన అరటితొక్కలాగా గట్టిపడి ఉండేవి.

నెత్తురు గొట్టాలకు పెళ్ళితో నిమిత్తం లేదు. కాబట్టి కారణం కాలిలో కాదు, ఇంట్లో ఉంది. మా వైపు ఆడది భర్తను మోకాళ్ళ మీద పలకరిస్తుంది, మోకాళ్ళ మీదే వడ్డిస్తుంది, చేతులు కడుక్కోవడానికి నీళ్ళు కూడా మోకాళ్ళ మీదే పోస్తుంది. మోకరిల్లి మడమల మీద కూర్చోవడం ఇక్కడి ఆడపిల్లకు మేనత్త నేర్పే మొదటి విద్య. బిరుంగి తల్లిలేనిదై, సన్యాసినుల హాస్టలులో పెరిగింది. ఆమెకు మోకరించడమంటే ప్రార్థన ఒక్కటే. అందుకే అది ఆమె కంటికి ఆనింది. మాకు ఊపిరి కనపడనట్టే అదీ కనపడలేదు.

"ఇంటికెళ్ళాక కొన్నాళ్ళు మోకరిల్లకండమ్మా" అని ఆమె చెప్పి పంపేది.

"అలాగే డాక్టరమ్మా" అనేవాళ్ళు. వెళ్ళి మోకరిల్లేవాళ్ళు. మోకరిల్లకపోతే ఏమవుతుందని అడిగితే, కిటికీలోంచి సరస్సు వైపు చూసేవాళ్ళు.

ఆ చూపు నుంచే పరిశోధనలోని రెండో సగం పుట్టింది. మడమ గాయంతో వచ్చిన ప్రతి ఆడమనిషినీ, గాయం ఏదైనా సరే, ఇంట్లో కొడుతున్నారా, భయపెడుతున్నారా, తిరిగి వెళ్ళడానికి భయంగా ఉందా అని ఏకాంతంలో అడగాలని నిశ్చయించింది. "మడమకూ మొగుడికీ ఏమిటమ్మా సంబంధం?" అని పరిశోధనకు అనుమతి ఇచ్చే పెద్దలలో ఒకాయన నవ్వాడు. "అదే తెలుసుకుందామని" అంది బిరుంగి.

అడిగే పని నర్సు సిస్టర్ అలూపోది. తూర్పు జిల్లాల మనిషి, మాటలో మెత్తదనం తక్కువ, మనసులో ఎక్కువ. మంచం చుట్టూ తెర లాగి, గొంతు తగ్గించి ఒక్కొక్కరినీ అడిగింది. అందరూ లేదన్నారు. కొంతమంది కాదు, అందరూ.

"ఒకే ఊళ్ళో ఇంతమంది సుఖంగా ఉండటం మంచిదే. నాకే ఎందుకో నమ్మబుద్ధి కావడం లేదు" అంది బిరుంగి.

నబుకీరా వచ్చింది అప్పుడే, సరస్సు మీదినుంచి ఈగల మబ్బులు లేచే కాలంలో. ఆ ఈగలు నీళ్ళలోంచి పొగలాగా లేచి, గాలిలో స్తంభాలై నిలబడి, నెమ్మదిగా ఒరిగి ఒడ్డుకు వస్తాయి. వచ్చినప్పుడు ఎండ కూడా బూడిదరంగులోకి మారి, పట్టపగలే లోకం నిద్రలో ఉన్నట్టుంటుంది. ఆ మసకలోంచి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. చిన్నది నబుకీరా, బజారులో కాలిమిషను మీద బట్టలు కుట్టే మనిషి. కుడిపాదానికి చుట్టిన దుప్పటి తడిసిపోయి ఉంది. ఆమెను వీపున మోసుకొచ్చిన పెద్దది నాంపీరా, భర్త సెమాండాకు అక్క.

"ఎలా తగిలింది?" అని అడిగింది డాక్టరు.

నబుకీరా నోరు తెరిచేలోగా నాంపీరా అందుకుంది. "చక్రంలో పడిందమ్మా. మా తమ్ముడు కిరాయికి బోడా బండి నడుపుతాడు, ఇది వెనక కూచుంది. కాలు చూసుకోవే, అంచు చూసుకోవే అంటే వింటేగా! ఊళ్ళోవాళ్ళ అంచులన్నీ మడిచి కుడుతుంది, తన అంచు తనకి పట్టదు."

"అవును వదినా" అంది నబుకీరా, కళ్ళు నేలమీద పెట్టి.

డాక్టరు గాయం వైపు చాలాసేపు చూసింది. మోటారుసైకిలు చువ్వలు చర్మాన్ని నమిలి, చింపి, జిడ్డు పూసి వదులుతాయి. ఇక్కడ మడమ మెత్త ఒకే గీతలో తెగిపోయి ఉంది. పైగా మా ఆడవాళ్ళు బోడా మీద కాళ్ళు రెండూ ఎడమకు వేలాడేసి పక్కకు కూర్చుంటారు. అలా కూర్చున్నప్పుడు చక్రానికి దగ్గరగా ఉండేది ఎడమ మడమ. తెగింది కుడిది. ఆమె ఈ రెండూ గమనించి మనసులో పెట్టుకుంది. గాయం చెప్పే మాట వేరు, మనిషి చెప్పే మాట వేరు. పరిశోధనకు రెండోదే కావాలి.

"ఈ కాలు మళ్ళీ మిషను తొక్కుతుందా డాక్టరమ్మా?" అని నబుకీరా అడిగింది. వచ్చాక ఆమె తనంతట తాను ఆడిన మొదటి మాట అదే.

"అతుకు బతికితే తొక్కుతుంది. చచ్చిపోతే ఎముకకు చీము పడుతుంది. అప్పుడు పాదం దక్కదు."

"అతుకా?" నబుకీరా ముఖంలో తొలిసారి కాస్త వెలుగు కనబడింది. "ఏ గుడ్డ మీదిది?"

"నీదే. పిక్క మీదిది."

"వాలుగా కొయ్యండి. తిప్పి కుట్టే గుడ్డ వాలుగా కొయ్యకపోతే ముడత పడుతుంది" అంది నబుకీరా.

ఆపరేషను బాగా జరిగింది. అతుకు వెచ్చగా నిలిచింది. మూడు వారాలు బోర్లా పడుకోవాలి, కాలు ఎత్తుమీద ఉండాలి, తొడిమ మీద వేలి బరువు కూడా పడకూడదు అని డాక్టరు చెప్పింది. నాంపీరా తన చాప విప్పి మంచం కింద పరుచుకుంది. మా ఆసుపత్రుల్లో రోగితోపాటు ఒక తోడుమనిషి ఉండి తీరాలి. వండేది, కడిగేది, బట్టలుతికేది, తలగడ సర్దేది ఆమే. ఆమె లేకపోతే రోగి ఆకలితోనే చస్తాడు. ఆమెకు మంచం ఉండదు. రోగి మంచం కింది నేలే ఆమె ఇల్లు.

రెండోనాడు అలూపో వచ్చి తెర లాగింది. "ఇక్కడెవరూ లేరు. నువ్వూ నేనే. భయపడకుండా చెప్పు. ఇంట్లో నిన్నెవరైనా కొట్టారా?"

మంచం కింద నాంపీరా ఒత్తిగిలిన చప్పుడైంది.

"లేదు" అంది నబుకీరా.

"ఇంటికెళ్ళాలంటే భయమా?"

"లేదు."

"సరే, పడుకో" అని అలూపో తెర తీసి పక్క మంచానికి వెళ్ళింది.

బోర్లా పడుకున్న మనిషికి లోకమంటే నేల. నబుకీరా ముఖం మంచం అంచు దాటి కిందికి వాలి ఉండేది. మనుషులు ఆమెకు పాదాలుగా వచ్చి పాదాలుగానే పోయేవాళ్ళు. కిర్రుమనేవి అలూపోవి. ఆగి ఆగి నడిచేవి డాక్టరువి. మధ్యాహ్నం పైకప్పు మీది పెద్దకొంగ రెక్కలు విప్పితే, దాని నీడ సిమెంటు మీదుగా ఒక నల్లని పడవలాగా జారిపోయేది. చనిపోయిన ఈగలు కిటికీ కింద మెత్తని కుప్పగా పోగయ్యేవి. నొప్పి మందు మగతలో ఆమె ఆ కుప్పను ఇసుకతిన్నె అనుకునేది, పడవ అక్కడ ఆగుతుందనుకునేది.

ఆ నేల మధ్యలో, చాప మీద, నాంపీరా ముఖం ఉండేది.

కోడలు అత్తింటివారి కళ్ళలోకి చూడరాదు, చూపు దించుకోవాలి. ఆడపడుచు కూడా మొగుడితో సమానమేనని నబుకీరాకు ఆమె మేనత్త నేర్పింది. ఇప్పుడు చూపు దించుకుంటే అక్కడే వదిన కళ్ళున్నాయి.

"ఏంటే అలా చూస్తావు? నా ముక్కు మీద ఈగ వాలిందా?"

"చూపు దించుకున్నాను వదినా."

"దించుకుంటే నా మీదే పడుతోందిగా!"

"మరెక్కడ పెట్టుకోమంటారు?"

నాంపీరా నిజంగానే ఆలోచించింది. "పోనీలే, అక్కడే ఉంచు. నేనూ కప్పు లెక్కపెట్టి లెక్కపెట్టి విసిగిపోయాను."

అలా మొదలైంది. ఒకరు పైనుంచి కిందికి, ఒకరు కిందినుంచి పైకి, పగలంతా. పెళ్ళయినప్పటి నుంచీ ఒకే పెరట్లో ఉన్నవాళ్ళు ఒకరి ముఖం ఒకరు మొదటిసారి చూశారు. నాంపీరా ఎడమ కనుబొమ్మలో ఒక తెల్లవెంట్రుక ఉందని నబుకీరాకు తెలిసింది. నబుకీరా నిద్రలో కుడికాలు కదిలించి మిషను తొక్కుతుందని నాంపీరాకు తెలిసింది. కదిలినప్పుడల్లా చెయ్యి చాచి మోకాలు పట్టుకునేది, తొడిమ నలగకుండా. అరటిఆకు మూటలోంచి ఉడికిన అరటికాయ ముద్ద తీసి, పల్లీల పులుసులో ముంచి, కిందినుంచి చెయ్యెత్తి నోట్లో పెట్టేది.

"నీకు కింద నుంచి పెడుతుంటే పక్షిపిల్ల తల్లికి తినిపిస్తున్నట్టుంది. అంతా తలకిందులు" అంది ఒకనాడు.

"నాకో కల వచ్చింది వదినా. నా మడమ ఒక్కటే సరస్సు మీద నడుచుకుంటూ పోతోంది. వెనక్కి పిలిస్తే వినడం లేదు."

"ఎటు పోతోంది?"

"ఇంటివైపు మాత్రం కాదు."

 నాంపీరా, ఎవరితోనో అన్నట్టు, తమ్ముడి సంగతి ఎత్తుకుంది. తల్లి పోయేనాటికి వాడు చంటివాడు. వీపున కట్టుకుని పొలం తవ్వింది. "అల్లరి చేస్తే లోపల పెట్టి తలుపేసేదాన్ని. గుద్ది గుద్ది, ఏడ్చి ఏడ్చి, గడప మీదే నిద్రపోయేవాడు. నాకూ చిన్నవయసేగా, ఇంకేం చెయ్యాలో తెలిసేది కాదు. తలుపు తీసి చూస్తే..."

తలుపు అన్న మాట దగ్గర ఆగిపోయింది. పైనుంచి రెండు కళ్ళు ఆమెనే చూస్తున్నాయి. ఇద్దరిలో ఎవరూ చూపు తిప్పుకోలేకపోయారు.

కట్టు మార్చేటప్పుడు ఇచ్చే కెటమిన్‌ను మా నర్సులు కలల మందు అంటారు. కళ్ళు తెరుచుకునే ఉంటాయి, మనిషి మాత్రం ఎక్కడో ఉంటుంది. కట్లు మార్చే గదిలోకి తోడుమనుషులు రారు. డాక్టరు అతుకు మీద సూదిమొన ఆనించి ఎర్రని చుక్క రావడం చూసి తృప్తిపడుతుండగా నబుకీరా మాట్లాడింది, చిన్నపిల్ల గొంతుతో: "తలుపు వెయ్యకండి... కాలింకా గడప మీదే ఉంది... చూడండి, నేను వెళ్ళడం లేదు, వెళ్ళడం లేదు..."

అలూపో చేతిలోని పళ్ళెం చప్పుడైంది. "విన్నారా? చెప్పేసింది! రాసుకుంటున్నా."

"ఏమని?"

"తలుపు అని. రేకు తలుపు. ఆ గీత చూస్తే మీకూ తెలుస్తూనే ఉంది."

"తెలుస్తోంది. కానీ అది ఆమె చెప్పలేదు, మందు చెప్పింది. మొన్న బడి మేష్టారు ఇదే మందులో నిన్ను పెళ్ళాడతానన్నాడు. అదీ రాసుకున్నావా?"

"ఆయన పళ్ళు చూశాక రాయబుద్ధి కాలేదు" అంది అలూపో. నవ్వలేదు. "మరి వదిలేద్దామా?"

"మెలకువలో చెప్పేదాకా అది ఆమెది. మనం దొంగిలించకూడదు."

కానీ ఒక ప్రశ్న డాక్టరును వదలలేదు. మందులో ఇంత తేలిగ్గా వచ్చిన మాట తెర చాటున ఎందుకు రాలేదు? ఆ మధ్యాహ్నం ఈగల మబ్బు వార్డు కిటికీలను కప్పేసి గది సంధ్యలా అయింది. అతుకు పరీక్షిస్తుండగా సూదిమూత జారి మంచం కింద పడింది. డాక్టరు వంగింది. సూదిమూత పక్కన ఒక జత కళ్ళు.

"ఇదిగోనమ్మా" అని నాంపీరా మూత అందించింది.

డాక్టరు లేవలేదు. అలాగే వంగి, వరసగా మంచాల కిందికి చూసింది. మసక వెలుతురులో ప్రతి మంచం కింద ఒక చాప, ప్రతి చాప మీద ఒక ఆడమనిషి. వార్డు కింద మరో వార్డు పడుకుని ఉన్నట్టుంది. ఒక్కొక్క మంచం దగ్గర కూర్చుని అడిగింది. "నువ్వు ఈమెకేమవుతావమ్మా?" ఒకరు అత్త. ఒకరు ఆడపడుచు. ఒకరు మొగుడి పినతల్లి. పెళ్ళయిన పిల్ల జబ్బుపడితే తోడు పంపవలసింది అత్తింటివాళ్ళే, మా దగ్గర అది మర్యాద.

"అలూపో, తెర లాగినప్పుడు ఈ చాపలు తెరకు లోపల ఉంటాయా, బయట ఉంటాయా?"

"లోపలే. వాళ్ళు తోడుమనుషులేగా డాక్టరమ్మా" అంది అలూపో, మంచంకోడును గురించి అడిగినంత ఆశ్చర్యంగా. ఆ తరువాతే ఆమె ముఖం మారింది. "అయ్యో!"

మర్నాటినుంచి ప్రశ్నలు అడిగే ముందు తోడుమనుషులందర్నీ కిందనున్న వంటపాకకు పంపడం మొదలైంది. కొందరు మాట్లాడారు. నబుకీరా మాత్రం మళ్ళీ లేదనే అంది.

"ఇప్పుడు కింద ఎవరూ లేరమ్మా, చూడు" అంది అలూపో.

నబుకీరా చూసింది. ఖాళీ చాప ఉంది. "మళ్ళీ వస్తుందిగా" అంది. వదిన అంటే ఆమెకు భయం తగ్గింది, నిజమే. కానీ ఇప్పుడు వదిన ముఖం ఆమెకు తెలుసు. తను చెప్పబోయేది ఆ ముఖం పెంచిన బిడ్డ గురించి.

ఆదివారం ప్రార్థన ముగిశాక సెమాండా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మంచి మనిషి నవ్వు. పొట్టి పీట లాక్కుని మంచం పక్కన కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ఎదురుచూశాడు.  దేనికోసం ఎదురుచూస్తున్నాడో వార్డులోని ప్రతి మంచానికీ, ప్రతి చాపకూ తెలుసు.

నబుకీరాకు అతని బూట్లు కనిపించాయి. ఆమె ఏ నిశ్చయమూ చేసుకోలేదు, ఒళ్ళే చేసుకుంది. ఎడమ మోకాలు మంచం అంచువైపు జరిగింది. నడుము లేచింది. ఎత్తున పెట్టిన కాలు దిండు మీంచి జారబోయింది.

చాప మీంచి ఒక చెయ్యి లేచి ఆమె మణికట్టును పట్టుకుంది.

"కదలకు" అంది నాంపీరా.

సెమాండా వంగి చూశాడు. "ఏంటక్కా ఇది? పలకరింపు కూడా వద్దా దీనికి?"

"క్షేమంగా వచ్చారా అండీ" అంది నబుకీరా, నేలతో.

"మంచం మీద పడుకునా? నేను కింద కూచుంటే అది పైనుంచి పలకరిస్తుందా?"

"నువ్వూ ఒక మంచం ఎక్కు నాయనా, సమానమైపోతుంది" అంది ఎదుటి మంచం మీది ముసలామె. "నా పక్కన కాస్త చోటుంది. నేనేం కొరకను." చాపల మీద నవ్వు కిచకిచమని పాకింది.

అతని నవ్వు పోయింది. లేచాడు. "సరే. బోడా కింద పెట్టి వచ్చాను. పడుకునేదేదో ఇంట్లోనే పడుకుంటుంది. అక్కా, మూట కట్టు."

డాక్టరును పిలిచారు. ఆమె వచ్చి చెప్పవలసింది చెప్పింది: తొడిమ ఇంకా పసిది, ఇప్పుడు కదిలిస్తే అతుకు పోతుంది, అతుకు పోతే పాదం పోతుంది.

"నేను చూసుకుంటాగా డాక్టరమ్మా. చక్రం దరిదాపులకు పోనివ్వను" అన్నాడతడు మర్యాదగా. "నా భార్యను నేను తీసుకెళ్ళడానికి ఎవరి సెలవు కావాలి?"

అతను అడిగినదానికి జవాబు లేకపోలేదు, కానీ అది డాక్టరు దగ్గర లేదు. రోగి తనకు ఇంట్లో భయమని తన నోటితో చెబితే ఆసుపత్రి ఆపగలదు. చెప్పకపోతే ఆపలేదు. డాక్టరు నబుకీరా వైపు చూసింది. నబుకీరా నేలను చూస్తోంది. కిటికీ అవతల ఈగల స్తంభం ఒకటి మెల్లగా తిరుగుతూ నిలబడి ఉంది. 

నాంపీరా మంచం కిందినుంచి బయటికి వచ్చింది. మోకాళ్ళ దుమ్ము దులుపుకుంది. వంగి చాప చుట్టి చంకలో పెట్టుకుంది.

"అలా ఉండాలి" అన్నాడు సెమాండా.

"పద కిందికి. తీగ మీద దుప్పట్లు ఆరాయి, ఒక్కదాన్నే మడత పెట్టలేను. రెండో కొస పట్టుకో."

"నేనా? దుప్పట్లా?"

"చిన్నప్పుడు నువ్వు తడిపినవన్నీ నేనే మడతపెట్టాను, ఒక్కనాడు నువ్వు పడితే చెయ్యి విరగదు. పదరా!"

అక్క గొంతులో ఆ స్వరం అతను చాలా ఏళ్ళ తరువాత విన్నట్టున్నాడు. కాళ్ళు వాటంతటవే కదిలాయి. గుమ్మం దగ్గర నాంపీరా వెనుదిరిగింది. "డాక్టరమ్మా, మీరేదో అడగాలని రోజూ మమ్మల్ని పొయ్యిల దగ్గరికి తోలుతున్నారుగా. ఇప్పుడడగండి. చాప కూడా తీసుకుపోతున్నాను, ఇక అక్కడ పరవను." తరువాత మంచం వైపు చూసి, నెమ్మదిగా అంది: "చక్రం కథ కుట్టింది నేను. నీకు బిగుతుగా ఉంటే విప్పెయ్యి పిల్లా. కుట్టేదానివి, విప్పడం నీకు రాదా!"

అలూపో తెర లాగింది. డాక్టరు పీట మీద కూర్చోలేదు. చాప ఉన్న చోట, చాప మేర దుమ్ము పడకుండా మిగిలిన సిమెంటు మీద, కింద కూర్చుని పైకి చూసింది. నబుకీరా చూపు దించుకుంది. అది డాక్టరు ముఖం మీద పడింది.

"తలుపు" అంది నబుకీరా, పూర్తి మెలకువలో.

తరువాత మాటలు తొందర లేకుండా వచ్చాయి. ఆ సాయంత్రం ఒక పెళ్ళికూతురి బట్టలు ఆలస్యమై ఇంటికి చీకటిపడ్డాక చేరింది. వడ్డించి, మోకరిల్లి ఉండగా మాటకు మాట పెరిగింది. పుట్టింటికి పోతానని లేచింది. ఎడమకాలు బయట పెట్టింది. కుడికాలు ఇంకా గడప మీద ఉండగా అతను రేకు తలుపు వేశాడు. "ఒకసారి కాదు" అంది. "వదిన పెరట్లోంచి పరుగెత్తుకొచ్చింది. దారి పొడుగునా నన్ను మోస్తూ, చక్రమని చెప్పు, చక్రమని చెప్పు, లేకపోతే వాణ్ణి చంపేస్తారు అని ఏడుస్తూనే ఉంది."

"ఇంటికి వెళ్ళాలంటే భయమా?" అని డాక్టరు అడిగింది. అడగవలసిన మాట అది. జవాబు తెలిసినా అడగాలి.

"భయం. నేను వెళ్ళను."

కింద తీగల దగ్గర అక్కాతమ్ముళ్ళు ఒక దుప్పటిని చెరో కొసా పట్టుకుని నిలబడి ఉన్నారు. డాక్టరు వెళ్ళి చెప్పింది. సెమాండా దుప్పటి వదలకుండానే అన్నాడు: "అక్కా, నువ్వు చెప్పు. చక్రమని చెప్పు."

"చక్రమని చెప్పింది నేను. తలుపేసింది నువ్వు" అంది నాంపీరా. "నీకు తలుపెయ్యడం నేర్పిందీ నేనేనేమో, దానికి నేను ఏడుస్తాలే. నువ్వు వెళ్ళు."

దుప్పటి అతని చేతిలోంచి జారి, గాలికి కాస్త ఉబ్బి, గడ్డిమీద వాలింది. ఆ తరువాత జరగవలసినవాటిలో కొన్ని జరిగాయి, కొన్ని జరగలేదు. పోలీసుల దగ్గర కాగితాలు కదిలి ఆగాయి. వంశపెద్దలు మాత్రం కూర్చుని, అతను ఆమె ఉన్న గడప తొక్కరాదని తీర్మానించారు, అతను తొక్కలేదు.

అతుకు బతికింది. తొడిమను డాక్టరు కోసి వేరుచేసిన రోజున, ఆకు తన నెత్తురు తాను తాగుతూ వెచ్చగా ఉంది. పరిశోధనను అచ్చుకు పంపినప్పుడు పద్ధతుల భాగంలో ఒక వాక్యం చూసి దూరదేశపు సమీక్షకులు అర్థం కాలేదని రాశారు: ప్రశ్న అడిగే ముందు మంచం కింద చూడాలి. బిరుంగి దాన్ని తీసివేయడానికి ఒప్పుకోలేదు.

నబుకీరా పుట్టింటికి కాదు, బజారు వెనుక నాంపీరా అద్దెకు తీసుకున్న గదికి వెళ్ళింది. అత్తింటి ఆడపడుచు కోడలితో కాపురం పెట్టిందని ఊరు కొన్నాళ్ళు చెప్పుకుని మానేసింది. గదికి రేకు తలుపు ఉండేది. నాంపీరా దాన్ని ఊడదీయించి ఒక గుడ్డతెర వేలాడదీసింది. నబుకీరా దానికి అంచు కుట్టింది.

కొత్త మడమకు స్పర్శ లేదు. నేల దానికి తెలియదు. అడుగు వేసేటప్పుడు కళ్ళతో చూసుకోవాలి, సాయంత్రం చేత్తో తడిమి ఏమీ గుచ్చుకోలేదని చూసుకోవాలి. మొదట్లో నబుకీరా మిషను తొక్కుతుంటే ఎవరో మరొకరి కాలు తన కింద పనిచేస్తున్నట్టు, తను నీళ్ళమీద కూర్చుని ఉన్నట్టు ఉండేది. కలలోని మడమ ఇంకా సరస్సు దాటి తిరిగి రాలేదు కాబోలని అనుకునేది. వానలు మొదలయ్యే రోజుల్లో, ఒక మధ్యాహ్నం, తొక్కుతూ తొక్కుతూ ఆగింది. మడమ అంచున, చాలా దూరంనుంచి ఎవరో పిలిచినట్టు, చల్లగా ఇనుము తగిలింది.

అప్పుడే నాంపీరా నెత్తిన అరటిగెలతో తెర తోసుకుని లోపలికి వచ్చింది.

"ఏమే, మొగుడంతటి ఆడపడుచు ఇంటికొస్తే మోకరిల్లి పలకరించేది లేదా?"

"డాక్టరమ్మ నా మడమకింకా సెలవివ్వలేదు వదినా" అంది నబుకీరా. చూపు దించుకోలేదు.

"ఎప్పుడిస్తుందో?"

"అడగలేదు."

"అడక్కులే" అంది నాంపీరా. గెల దించి, చాప పరిచి, మిషను పక్కన కూర్చుని కాయలు ఒలవడం మొదలుపెట్టింది. నబుకీరా మళ్ళీ తొక్కింది.